ఏం జరుగుతుందో నాకే తెలియనప్పుడు నా బృందానికి ఏం చెప్పాలి?

కావ్య, కొండాపూర్
సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నానక్‌రామ్‌గూడలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టీమ్ లీడ్‌గా పనిచేస్తున్నాను. నా బృందంలో తొమ్మిది మంది ఉన్నారు. మూడు వారాల క్రితం విదేశంలోని ప్రధాన కార్యాలయం నుంచి అందరికీ ఒక మెయిల్ వచ్చింది. ఖర్చులు సమీక్షిస్తున్నామని, కొన్ని విభాగాలను పునర్వ్యవస్థీకరిస్తామని రెండు వాక్యాలు. అంతే. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పలేదు. మా క్లయింటుతో ఒప్పందం ఈ త్రైమాసికంతో ముగుస్తుంది. పొడిగిస్తారో లేదో ఎవరూ చెప్పడం లేదు. మా మేనేజర్ గది తలుపు ఇదివరకు ఎప్పుడూ తెరిచే ఉండేది, ఇప్పుడు మూసి ఉంటోంది. ఆ మూసిన తలుపును చూసి మేము రోజుకో కథ అల్లుకుంటున్నాం.

నన్ను తినేస్తున్నది మాత్రం వేరే విషయం. పోయిన గురువారం భోజనాల దగ్గర మా బృందంలో అందరికంటే చిన్న అమ్మాయి, చేరి ఎనిమిది నెలలే అయింది, "అక్కా, మన ప్రాజెక్టు ఉంటుందా?" అని అడిగింది. నలుగురి ముందు "ముందు నీ పని చూసుకో, అవన్నీ నీకెందుకు" అన్నాను. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా డబ్బా మూత పెట్టేసింది. అందులో అన్నం సగం అలాగే ఉంది. ఆ రోజు నుంచి పనిలో సందేహాలు వచ్చినా నన్ను అడగడం లేదు, పక్క సీటులో వాళ్లను అడుగుతోంది.

రాత్రి మూడు గంటలకు మెలకువ వస్తోంది. లేచి ఫోను తీసి మెయిల్ చూస్తున్నాను. ఇంటి అప్పు ఇంకా పద్నాలుగేళ్లు ఉంది.

నా భయాన్ని కనబడనివ్వకుండా వాళ్ల ముందు నిలబడటం ఎలా? అబద్ధం చెప్పకుండా ధైర్యం చెప్పడం కుదిరే పనేనా? ఇలాంటి రోజులు దాటి వచ్చినవాళ్లు చెప్పండి.

శ్రీనివాస్, జీడిమెట్ల
మంగళవారం, ఉదయం 6:15

కావ్యమ్మా, నాది మీ రంగం కాదు. యంత్ర విడిభాగాలు తయారు చేసే చిన్న యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని, ఇరవై రెండేళ్లుగా. కానీ మీరు రాసింది చదివితే మా షెడ్డే గుర్తొచ్చింది.

ఒకసారి మాకు పెద్ద ఆర్డరు ఇచ్చే కొనుగోలుదారు ఆపేశాడు. రెండో షిఫ్టు నిలిపేశాం. మా యజమాని నలభై రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దున్నే రావడం, నేరుగా తన గదిలోకి వెళ్లడం, సాయంత్రం అలాగే వెళ్లిపోవడం. ఆయన ఏ ఉద్దేశంతో అలా ఉన్నారో మాకు తెలియదు. తెలియని చోట మనసు ఊరుకోదు కదా. షెడ్డు అమ్మేస్తున్నారని ఒకరు, బ్యాంకు వాళ్లు వచ్చారని ఒకరు. ఆ బ్యాంకు వాళ్లు ఎవరో కాదు, అగ్నిమాపక యంత్రాలు తనిఖీ చేయడానికి వచ్చిన ఇద్దరు.

మా దగ్గర ఇద్దరు మంచి టర్నర్లు ఉండేవారు. లేత్ మీద వాళ్ల చేయి పడితే కొలత తప్పేది కాదు. ముప్పై అయిదో రోజున పటాన్‌చెరు వెళ్లిపోయారు. వారం తిరగకముందే ఆర్డరు మళ్లీ వచ్చింది. చేసే చేతులు లేక సగమే ఒప్పుకున్నాం.

ఆర్డరు ఆగినందువల్ల జరిగిన నష్టం నాలుగు నెలల్లో పూడింది. ఆ మౌనం వల్ల జరిగింది ఇప్పటికీ పూడలేదు. అందుకే నా మాట, ధైర్యంగా కనబడటం గురించి తర్వాత ఆలోచించండి. ముందు మాట్లాడండి.

ప్రశాంత్, బంజారాహిల్స్
మంగళవారం, ఉదయం 8:02

నాకు ఉపయోగపడినది చెబుతాను. మీటింగుకు ముందు అయిదు నిమిషాలు ఎవరూ లేని చోట కూర్చుని, పీల్చిన దానికంటే వదిలే ఊపిరి ఎక్కువసేపు ఉండేలా చూసుకుంటాను. మంచే జరుగుతుందని నమ్మండి, అదే సగం బలం.

ఉష, ఉప్పల్
మంగళవారం, మధ్యాహ్నం 2:30

ప్రశాంత్ గారూ, ఊపిరి విషయం నేనూ ఒప్పుకుంటాను. కానీ మంచే జరుగుతుందని నమ్మమనడం దగ్గర ఆగుతాను. నేను డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పే కాంట్రాక్టు లెక్చరర్‌ని. పదకొండేళ్లుగా ప్రతి వేసవిలో నా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్నాను. మంచే జరుగుతుందని నమ్మిన ఏడాదీ, నమ్మని ఏడాదీ ఆ ఎదురుచూపు ఒకేలా నలిపింది.

కావ్యా, నాకు తోడ్పడింది ఇంకొకటి. మనం ఇప్పుడు అన్నిటికీ 'టెన్షన్' అనేస్తున్నాం. ఆ ఒక్క మాట తెలుగులో ఎన్ని మాటలను మింగేసిందో చూడు. కారణం తేలకుండా కడుపులో కదిలేది గుబులు. పని ముందుండి సమయం చాలకపోతే కంగారు. చేజారిపోతుందేమో అనుకున్నదాని మీద బెంగ. గుండె మీద బరువుగా కూర్చుని లేవనివ్వనిది దిగులు. ఏమీ చేయలేని చోట పుట్టే కోపం ఉక్రోషం. నలుగురిలో తగ్గిపోయానే అనిపించేది నామోషీ. ఇవన్నీ ఒకటి కావు, ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

ప్రతి మే నెలలో మా ఇంట్లో గొడవలు జరిగేవి. గ్యాస్ బండ బుక్ చేయలేదని, బీరువా తలుపు వేయలేదని మావారి మీద అరిచేదాన్ని. ఉద్యోగం పోతుందన్న భయం వల్లనే అనుకున్నాను చాలా ఏళ్లు. ఒక రోజు కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నప్పుడు తెలిసింది, అది భయం కాదు. రెగ్యులర్ అధ్యాపకులు స్టాఫ్ రూములో సెలవులకు ఎక్కడికి వెళ్లాలో మాట్లాడుకుంటుంటే, నేను నా ఫైలు పట్టుకుని గుమస్తా బల్ల ముందు నిలబడి ఉండటం. నామోషీ. ఆ మాట దొరికాక నేను చేయాల్సింది మారిపోయింది. ఉత్తర్వు ఎప్పుడొస్తుందని రోజూ గుమస్తాను అడగడం మానేశాను. ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్లి "మా కాగితాల విషయం నలుగురిలో కాకుండా మమ్మల్ని పిలిచి చెప్పండి" అని అడిగాను. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. ఉత్తర్వు అప్పుడూ ఆలస్యంగానే వచ్చింది. ఇంట్లో అరుపులు మాత్రం ఆగాయి.

ఆ అమ్మాయి "ప్రాజెక్టు ఉంటుందా" అని అడిగిన క్షణంలో నీలో లేచినదానికి పేరు ఏమిటి? తొందరపడి జవాబు రాయకు.

వంశీకృష్ణ, దిల్‌సుఖ్‌నగర్
మంగళవారం, రాత్రి 9:48

ఇక్కడ అందరూ మంచి మనసుతోనే రాస్తున్నారు. అయినా నాకు కోపం వస్తోంది, దాచుకోను.

నన్ను నిరుడు తీసేశారు. ఉదయం తొమ్మిదిన్నరకు ఫోనులో ఏడు నిమిషాల మీటింగు, పదింటికల్లా ల్యాప్‌టాప్ లాక్ అయింది. ఆరేళ్లు పనిచేశాను. దానికి రెండు నెలల ముందు అదే సంస్థ మాకు భావోద్వేగ ప్రజ్ఞ (ఎమోషనల్ ఇంటెలిజెన్స్) మీద ఒక రోజంతా శిక్షణ ఇచ్చింది. మార్పును చిరునవ్వుతో స్వీకరించాలని చెప్పారు. జాబితా అప్పటికే తయారవుతోందని తర్వాత తెలిసింది. నిర్ణయం వాళ్లది, సమాచారం వాళ్ల చేతిలోది, దాన్ని తట్టుకోవడం మాత్రం ఉద్యోగి నేర్చుకోవలసిన విద్య! ఊపిరి లెక్కపెడితే వాయిదా కట్టినట్లవుతుందా?

కావ్య గారూ, మిమ్మల్ని అనడం లేదు. మీరు మధ్యలో ఉన్నారు. కానీ మీ మేనేజర్‌ను, ఆయన పైవాళ్లను అడగవలసిన ప్రశ్నను మీ మనసు మీదకు తిప్పుకోకండి.

డాక్టర్ శారద, సికింద్రాబాద్
బుధవారం, ఉదయం 7:20

నేను కౌన్సెలింగ్ మనస్తత్వవేత్తను. వంశీ గారి కోపంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి ఆధారం ఉంది. లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించిన వైట్‌హాల్ అధ్యయనం అనేది ఒకటుంది. ఒక విభాగాన్ని ప్రైవేటుపరం చేస్తారని తెలిసి, ఇంకా చేయకముందే, ఆ ఎదురుచూపు కాలంలోనే అక్కడివారు తమ ఆరోగ్యం దిగజారినట్లు చెప్పారని 1995లో ప్రచురించారు. అప్పటికి ఎవరి ఉద్యోగమూ పోలేదు. కాబట్టి సమాచారాన్ని బిగబట్టడం ఉద్యోగుల ఒంటి మీద చేసే పనే. దాన్ని శిక్షణ తరగతితో కప్పిపుచ్చడం తప్పు.

అయితే ఆ తరగతిలో మీకు నేర్పినది భావోద్వేగ ప్రజ్ఞ కాదు. 1990లో మనస్తత్వవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ దాన్ని నిర్వచించినప్పుడు చిరునవ్వు ప్రసక్తి లేదు. తనలోని, ఎదుటివారిలోని భావాలను గమనించడం, వాటి మధ్య తేడా పట్టడం, ఆ తెలివిడిని ఆలోచనకూ పనికీ వాడుకోవడం అన్నారు. తేడా పట్టడం అన్నది నిర్వచనంలోనే ఉంది. ఉష గారు కాగితం మీద రాసుకుంటూ చేసింది అదే.

అనిశ్చితి ఎందుకింత బాధిస్తుందో చెప్పే ప్రయోగం ఒకటి 2016లో లండన్‌లో జరిగింది. 45 మందితో కంప్యూటర్ ఆట ఆడించారు. బండరాళ్ల కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి నొప్పి పుట్టించే చిన్న విద్యుత్ ఘాతం తగులుతుంది. చెమటనూ కంటిపాపనూ కొలిచారు. ఘాతం తప్పదని తెలిసినప్పటి కంటే, తగలడానికీ తగలకపోవడానికీ సమానంగా అవకాశం ఉన్నప్పుడు ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. కావ్య గారు రాత్రి మూడింటికి మెయిల్ చూడటం బలహీనత కాదు. ఆ సగం-సగం స్థితి నుంచి ఎటో ఒకవైపు తేలిపోవాలని శరీరం చేసే ప్రయత్నం.

ఇక ఆవిడ అడిగిన ప్రశ్న: భయాన్ని కనబడనివ్వకుండా ఉండటం ఎలా? వద్దు అనే చెబుతాను. భావాన్ని అణచిపెట్టినవారి ముఖం నిశ్చలంగా ఉన్నా లోపల శరీరం మరింత ఉద్రేకపడుతుందని మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ ప్రయోగాలు చూపాయి. 2003లో ఆయన సహచరులతో కలిసి చేసిన మరో అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరు తన భావాలను అణచిపెట్టుకుంటే, ఆ సంగతి తెలియని రెండోవారి రక్తపోటు పెరిగింది. అంటే మీరు దాస్తున్నానని అనుకుంటున్నది మీ బృందానికి ఏదో ఒక దారిలో చేరుతూనే ఉంది. కారణం మాత్రం చేరడం లేదు.

ఊపిరి వదలడాన్ని పొడిగించడం గురించి ప్రశాంత్ గారు చెప్పింది సరైనదే. వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. మాట్లాడటానికి ముందు అది మంచి సాయం. మాట్లాడటానికి బదులు కాదు.

ఈ నిద్రలేమి ఇలాగే సాగితే, లేదా బతుకు మీద విసుగు లాంటి ఆలోచనలు వస్తే, టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత సేవ, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇది చదువుతున్న అందరికీ చెబుతున్నాను.

నిర్వాహకులు
బుధవారం, ఉదయం 10:05

సభ్యులకు మనవి. ఈ చర్చ అందరికీ కనబడుతుంది. సంస్థల పేర్లు, బయటకు రాని జాబితాలు, మేనేజర్ల పేర్లు రాయవద్దు. ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు, అలాగే సాగనివ్వండి.

కావ్య, కొండాపూర్
బుధవారం, రాత్రి 10:50

ఉష అక్కా, మీ ప్రశ్నతో నిన్నటి నుంచి కూర్చున్నాను. మొదట భయం అని రాశాను, కొట్టేశాను. కోపం అని రాశాను. ఆ అమ్మాయి మీద నాకు కోపం ఎందుకుంటుంది? మెట్రోలో రాయదుర్గం నుంచి వస్తూ మళ్లీ ఆ దృశ్యమే తలచుకున్నాను. ఆమె అడిగినప్పుడు మిగిలిన ముగ్గురూ తినడం ఆపి నా వైపు చూశారు. నా దగ్గర జవాబు లేదు. లీడ్ అయి ఉండి నాకూ తెలియదని అనాల్సి వస్తుందే అన్నది ఒళ్లంతా వేడిగా పాకింది.

నామోషీయే అక్కా. మీ మాటే నాకూ సరిపోయింది. ఆ అమ్మాయి ప్రాజెక్టు గురించి అడిగింది. నాకు మాత్రం 'నీకు అసలు ఏం తెలుసు' అని అడిగినట్లు వినబడింది.

శ్రీనివాస్, జీడిమెట్ల
గురువారం, ఉదయం 6:05

ఇది చదివి ఒక నిమిషం ఫోను పక్కన పెట్టాను. మా యజమాని ఆ నలభై రోజుల గురించి చాలా ఏళ్ల తర్వాత, వాళ్ల అమ్మాయి పెళ్లిలో నాతో ఒక మాట అన్నారు. "మీ అందరికీ అన్నం పెట్టేవాడినని అనుకునేవాడిని శ్రీనూ. రేపు ఏమవుతుందో నాకే తెలియదని మీ ముందు ఎలా నిలబడి చెప్పను?" అన్నారు. ఆయన మమ్మల్ని లెక్కచేయక మాట్లాడలేదని అప్పటిదాకా అనుకున్నాను. ఆ ఇద్దరు టర్నర్లూ అలాగే అనుకుని వెళ్లారు.

కావ్యమ్మా, నలుగురిలో అన్న మాటకు క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పాలి. మా షెడ్డులో అదే పద్ధతి.

ఉష, ఉప్పల్
గురువారం, ఉదయం 9:15

శ్రీనివాస్ గారూ, ఇక్కడ ఒక్క మాట. చేరి ఎనిమిది నెలలైన అమ్మాయి. అందరి ముందు లీడ్ క్షమాపణ చెబితే ఆ పిల్ల మరింత కుంచించుకుపోవచ్చు. ముందు ఒంటరిగా మాట్లాడి, ఎలా చెబితే బాగుంటుందో ఆమెనే అడగడం మేలని నాకనిపిస్తుంది.

రామ్మోహన్, మారేడ్‌పల్లి
గురువారం, మధ్యాహ్నం 3:40

నేను మానవ వనరుల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. బల్లకు అటువైపు కూర్చున్నవాడిగా రెండు విషయాలు చెప్పాలి.

2009 జనవరి 7 ఈ నగరంలో నా వయసువాళ్లు మరచిపోరు. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ లెక్కల్లో మోసం జరిగిందని స్వయంగా లేఖ రాసిన రోజు. ఆ సంస్థలో అప్పుడు సుమారు 50 వేల మంది ఉన్నారు. కేంద్రం పాత బోర్డును తొలగించి కొత్తవారిని నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను కొనే బిడ్ గెలిచేదాకా మాదాపూర్ టీ బండ్ల దగ్గర వేరే మాట వినబడేది కాదు. నేను వేరే సంస్థలో ఉన్నాను. మా వాళ్లకు దానితో ఏ సంబంధమూ లేకపోయినా, అంత పెద్దదే అలా అయితే మనమెంత అనే గుబులు మా అంతస్తులోకీ వచ్చింది. పైగా ప్రపంచ మాంద్యం, మాకూ ఆర్డర్లు తగ్గాయి.

అప్పుడు ఒక యువకుడు నా గదికి వచ్చి "సార్, మన దగ్గర ఏమైనా ఉంటుందా? ఫ్లాటుకు అడ్వాన్సు కట్టాలా వద్దా అని చూస్తున్నాను" అన్నాడు. నాకు నిజంగా తెలియదు. అతని ముఖం చూసి జాలేసి "ఏమీ కాదు, నిశ్చింతగా ఉండు" అన్నాను. అతను మియాపూర్‌లో ఫ్లాటుకు అడ్వాన్సు కట్టాడు. ఆరు వారాలకు వచ్చిన జాబితాలో అతని పేరు ఉంది. ఆ కాగితం నేనే చేతికి ఇవ్వాల్సి వచ్చింది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నేను చూపినది దయ కాదు. అతని కళ్లలోని భయాన్ని చూస్తూ కూర్చోవడం నాకు కష్టమైంది, ఆ కష్టం నుంచి బయటపడటానికి నాకు తెలియని మాట చెప్పాను. దాని ఖరీదు అతను కట్టాడు.

కావ్య గారూ, అందుకే అబద్ధపు ధైర్యం వద్దు. మీ మేనేజర్ దగ్గరకు వెళ్లండి. కానీ "మా ఉద్యోగాలు ఉంటాయా" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఆయనకు తెలిసినా చెప్పే అధికారం ఉండదు, తెలియకపోతే మీలాగే ఆయనకూ నామోషీ. "ఈ విషయం ఏ తేదీకి తేలుతుంది? అప్పటిదాకా మా వాళ్లకు నేను ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు?" అని అడగండి. ఇవి మేనేజర్ జవాబు ఇవ్వగలిగిన ప్రశ్నలు. తేదీ దొరికితే సగం పని అయినట్లే. ఎదురుచూపుకు ఒక గట్టు ఏర్పడుతుంది.

వంశీకృష్ణ, దిల్‌సుఖ్‌నగర్
గురువారం, రాత్రి 11:30

రామ్మోహన్ గారూ, మీ టపా మూడుసార్లు చదివాను. అటువైపు నుంచి ఇలాంటి మాట వినడం ఇదే మొదటిసారి.

మొన్న నేను రాయనిది ఒకటుంది. ఉద్యోగం పోయిన సంగతి మా నాన్నకు రెండు నెలలు చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి బ్యాగు తగిలించుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కేవాడిని. ఎంజీబీఎస్‌లో దిగి, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్లేవాడిని. అక్కడ పోటీ పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చుని దరఖాస్తులు నింపి, సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరేవాడిని. "పని ఎలా ఉందిరా" అని నాన్న అడిగితే "బాగుంది" అనేవాడిని. చివరికి ఆయనే ఒక రాత్రి "గొంతు మారిపోయిందిరా నీకు, ఏమైంది?" అన్నారు. చెప్పేశాను. ఆయన లోపలికి వెళ్లి పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు.

సంస్థ నాకు నిజం చెప్పలేదని మండిపడుతూ, ఇంట్లో నేనూ అదే చేశాను. సంస్థ చేసింది తప్పే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆ రెండు నెలలు నన్ను కుంగదీసింది డబ్బు లేకపోవడం కంటే ఆ 'బాగుంది' అన్న మాటే.

డాక్టర్ శారద, సికింద్రాబాద్
శుక్రవారం, ఉదయం 7:45

వంశీ గారూ, ఇది ఇక్కడ రాసినందుకు మీకు నమస్కారం. 1994లో అమెరికాలో ఉద్యోగాలు పోయిన 63 మంది వృత్తినిపుణులతో ఒక అధ్యయనం చేశారు. కొందరిని వరుసగా అయిదు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, ఉద్యోగం పోవడం గురించి తమలోని భావాలను దాపరికం లేకుండా రాయమన్నారు. వారికి మిగిలినవారి కంటే త్వరగా ఉద్యోగాలు దొరికాయి. ఎక్కువ దరఖాస్తులు పెట్టినందువల్ల కాదు. లోపలి చేదును రాసి దింపుకున్నాక ఇంటర్వ్యూలో అది బయటపడకపోవడం కారణం కావచ్చన్నది పరిశోధకుల ఊహ. మీరు నిన్న రాత్రి రాసింది ఇరవై నిమిషాలకు తక్కువ ఉండదనుకుంటాను.

కావ్య, కొండాపూర్
శనివారం, ఉదయం 11:10

నిన్న జరిగింది చెబుతాను.

ఉదయం మా మేనేజర్ తలుపు తట్టాను. రామ్మోహన్ గారు రాసిన ప్రశ్నలు ఒక చీటీ మీద రాసుకుని వెళ్లాను. మొదటి ప్రశ్నకు ఆయన చాలాసేపు కిటికీలోంచి చూశారు. తర్వాత "నాకూ చెప్పలేదమ్మా" అన్నారు. మూడు వారాల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి నిజమైన మాట అది. క్లయింటు వైపు నిర్ణయ సమావేశం 18న ఉందని, ఆ తేదీ బృందానికి చెప్పవచ్చని, ప్రధాన కార్యాలయం నుంచి వచ్చే అంకెలు మాత్రం చెప్పవద్దని అన్నారు. అంకెలు నాకు తెలిస్తే కదా అన్నాను. ఇద్దరికీ కాస్త ఊపిరి ఆడింది.

తర్వాత ఆ అమ్మాయిని కిందికి టీకి తీసుకెళ్లాను. "ఆ రోజు నువ్వు అడిగినదాంట్లో తప్పు లేదు. నాకు జవాబు తెలియక, తెలియదని చెప్పడానికి చిన్నతనం అనిపించి, నీ మీద విసుక్కున్నాను" అన్నాను. అందరి ముందు కూడా చెప్పమంటావా అని అడిగితే "వద్దక్కా" అంది. కాసేపాగి, "మా ఇంట్లో చెల్లి ఫీజు నేనే కడుతున్నానక్కా, అందుకే అడిగాను" అంది. ఎనిమిది నెలలు పక్కన కూర్చుని పనిచేసిన నాకు ఆ సంగతి తెలియదు.

మధ్యాహ్నం తొమ్మిది మందినీ కూర్చోబెట్టాను. చేతులు వణుకుతుంటే బల్ల కింద పెట్టుకుని, ప్రశాంత్ గారు చెప్పినట్లు నెమ్మదిగా ఊపిరి వదిలి మొదలుపెట్టాను. ఒప్పందం ముగిసే తేదీ ఇది, పొడిగింపు మీద ఇంకా నిర్ణయం కాలేదు, అది 18న తేలవచ్చు, ఆ రోజు నాకు ఏమీ తెలియకపోయినా సాయంత్రం అయిదింటికి ఇక్కడే కలుద్దాం అన్నాను. నాకూ బెంగగానే ఉందని, ఈ బృందం చెదిరిపోతుందేమోనని అన్నాను. అలా అంటే బలహీనంగా కనబడతానని ముందు రోజు దాకా అనుకున్నాను. ఎవరూ వెంటనే మాట్లాడలేదు. తర్వాత ఒకతను "అయితే ఈ లోపు రెజ్యూమె సరిచేసుకోవచ్చా, తప్పుగా అనుకోరు కదా?" అని అడిగాడు. సరిచేసుకోండి, నేనూ చూసిపెడతాను అన్నాను. సాయంత్రానికి ముగ్గురు పంపారు.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది. ఫోను హాల్లో వదిలేసి పడుకున్నాను కాబట్టి లేవలేదు.

శ్రీనివాస్, జీడిమెట్ల
శనివారం, మధ్యాహ్నం 1:00

ఉష గారి సలహాయే సరైనదని తేలింది. 18 సాయంత్రం నేనూ ఇక్కడ చూస్తుంటాను కావ్యమ్మా.

కావ్య, కొండాపూర్
18వ తేదీ, రాత్రి 8:25

అందరికీ నమస్కారం. ఒప్పందం పొడిగించారు, సగానికి. అయిదుగురికి పని ఉంటుంది. నలుగురికి ఈ నెలాఖరు దాకానే. మూడింటికి తెలిసింది, అయిదింటి దాకా ఆగకుండా మూడున్నరకే కూర్చున్నాం. ఆ నలుగురితో ముందు ఒక్కొక్కరిగా మాట్లాడాను. ఒకతను ఏడ్చాడు. నేను ఏమీ అనకుండా పక్కన కూర్చున్నాను. ఏదైనా ఓదార్పు మాట అనాలని నోటి దాకా వచ్చింది, రామ్మోహన్ గారి యువకుడు గుర్తొచ్చి ఆగిపోయాను.

ఆ చిన్నమ్మాయి ఉండేవాళ్లలోనే ఉంది. పోయేవాళ్లలో ఇద్దరు ఆమెకు పని నేర్పినవాళ్లు. ఆమె వాళ్ల రెజ్యూమెలు ముందు వేసుకుని ఇంకా ఆఫీసులోనే కూర్చుంది.

నలుగురిలో ఇద్దరు టెస్టింగ్, ఒకరు డేటాబేస్, ఒకరు జావా. నాలుగు నుంచి ఏడేళ్ల అనుభవం. ఎక్కడైనా అవకాశం ఉంటే చెప్పండి.

రామ్మోహన్, మారేడ్‌పల్లి
18వ తేదీ, రాత్రి 8:50

కావ్య గారూ, నలుగురికీ రెండు పనులు చెప్పండి. సంస్థ ఆరోగ్య బీమా సాధారణంగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది, కుటుంబానికి వేరే పాలసీ విషయం ఇప్పుడే కనుక్కోమనండి. ఎవరికైనా అయిదేళ్ల సర్వీసు నిండి ఉంటే గ్రాచ్యుటీ లెక్క రాతపూర్వకంగా అడగమనండి. ఇలాంటి రోజుల్లో మనసు చెదిరి ఇవి మరచిపోతారు.

వంశీకృష్ణ, దిల్‌సుఖ్‌నగర్
18వ తేదీ, రాత్రి 9:12

ఇప్పుడు నేను పనిచేస్తున్న చోట టెస్టింగ్‌లో ఒక ఖాళీ ఉంది. ఇద్దరి రెజ్యూమెలూ నాకు సందేశంలో పంపండి, రేపు ఉదయమే ఇస్తాను. ఒక్కటే ఖాళీ అని వాళ్లకు ముందే చెప్పండి. జవాబు శుక్రవారానికి వస్తుందని కూడా చెప్పండి. రాకపోతే రాలేదని నేనే ఫోను చేసి చెబుతాను.